ఎవరి సమాధికి సున్నం

పోయిన వారం అఖిలను నీళ్ల ఒడ్డున నిలబెట్టి వచ్చేశాం. ఒక చేతిలో సున్నం డబ్బా, ఇంకో చేతిలో తండ్రి భీమయ్య మోచేయి, చుట్టూ ఇంకా సరిగా విచ్చుకోని ఈస్టర్ తెల్లవారుజాము. ఆ మసక వెలుతురులో ఆమెకు ఒక్కటే కనిపించింది. వాళ్లమ్మ మొగిలవ్వ సమాధికి అప్పటికే ఎవరో సున్నం వేసేశారు. వేసి, దాని మీదే కూర్చున్నారు.

ఈ వారమే కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. నల్లగట్టుపల్లి అనే ఊరు ఇప్పుడు లేదు, మానేరు నీళ్లలో మునిగిపోయింది. ఊరివాళ్లకు బోయినపల్లి వైపు ఒక కాలనీ వచ్చింది. సమాధులున్న బొందల గడ్డ మాత్రం నీళ్ల కిందే ఉండిపోయి, ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు మాత్రమే బయటపడుతుంది. అందుకే చర్చివాళ్లు ఏటా ఈస్టర్ నాడు పొద్దు పొడవకముందే వచ్చి, తమ తమ సమాధులకు సున్నం వేసి, కొవ్వొత్తి వెలిగించి పోతారు. ఈసారి పండుగ అయిపోగానే పూడిక మట్టి తీసే మిషన్లు ఇక్కడిదాకా వస్తాయట. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి భీమయ్యది ఒకటే పట్టు. "మీ అవ్వను మిషన్ల కింద ఇడిసిపెట్టి నేను సావ. కాలనీ బొందల గడ్డల పెడదాం. పక్కపొంటి నాకు జెరంత జాగ ఉంచుండ్రి." అంతే అడిగాడు. బతుకంతా సిరిసిల్ల మరమగ్గాల సాంచాల మధ్య నిలబడి చెవులూ ఊపిరితిత్తులూ రెండూ అక్కడే పోగొట్టుకుని వచ్చిన మనిషి, ఇంకేమీ అడగలేదు.

ఇన్నేళ్లూ పండుగకు సాంచాల ఓనరు సెలవు ఇవ్వలేదు. ఏటా సున్నం వేసింది అఖిల, ఆమె మేనమామ ప్రేమ్‌సాగర్. భీమయ్య ఊరు మునిగాక ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి.

నిన్న జగిత్యాల నుంచి వస్తుంటే దారి పొడుగునా ఆయన వేలు కిటికీలోంచి బయటే ఉంది. గదిగో టవర్, గదిగో ఖిల్లా బురుజు, గదిగో కొండగట్టు, గదిగో ఎములాడ గోపురం, అని చిన్నపిల్లాడికి చూపించినట్టు కూతురికి చూపించుకుంటూ వచ్చాడు. అఖిలకు నవ్వొచ్చింది. ఆమె ఉద్యోగమే గుర్తుల మీద నడుస్తుంది కదా. గొల్లపల్లిలో, బీర్పూర్‌లో చంటిపిల్లలకు టీకాలు వేస్తూ తిరిగే ఏఎన్ఎంకి ఇంటి నంబర్లతో పనేముంది? ట్యాంకి పక్క పచ్చ గేటు, దుబాయి నుంచి వచ్చినాయన కట్టిన మూడంతస్తుల ఇల్లు, విరిగిన బోరింగు ఎదురుగా రేకుల షెడ్డు, అంతే. కానీ ఈ ఊరికి ఆ గుర్తులు ఏవీ మిగల్లేదు. ఇళ్లు పడగొట్టుకుని తలుపులూ దూలాలూ ఇటుకలూ ఎవరివి వాళ్లు తీసుకుపోయారు, మిగిలిన మొండిగోడలను బురద మింగేసింది. మిగిలింది ఒకటే గుర్తు, చర్చి రాతి సిలువ. దాని నుంచి మూడో వరుస, మొదటి సమాధి. కళ్లు మూసుకుని అయినా పోగలదు అఖిల.

అలా పోయిన చోటే ఇప్పుడు ఎవరో కూర్చున్నారు.

"ఎవలమ్మా నువ్వు? మా అవ్వ బొంద మీద కూసున్నవేంది?"

కూర్చున్న మనిషి తిరిగి చూసింది. ముసలామె. తలనిండా కొంగు, చేతుల నిండా సున్నం, ఒళ్లో బంతిపూల కవరు.

"మీ అవ్వనా? ఎవల బిడ్డవే నువ్వు?"

"మొగిలవ్వ బిడ్డను. అఖిలను."

"ఓ, గీ పొల్ల అఖిలనా." ముసలామె ముఖం ఒక్క క్షణం వెలిగింది. "నేను బీడీలు సుడుతుంటే అచ్చి నా చాటల తంబాకు అంత సల్లిపోయేది నువ్వే గదనే. నా పేరు చిన్నవ్వ. నీకు పెద్దవ్వనైత. గా పక్కకు మనిషెవలు, మా మరిదా? గట్లెండిపోయిండేంది, సాంచల ఏసి నేసిండ్రా ఏంది?"

భీమయ్య ఆమె ముఖంలోకి చూసి మెల్లగా నవ్వాడు. "వదినె, మంచిగున్నవా?"

"మంచిగుంటే గింత పొద్దుగాల గీడెందుకుంటనయ్యా."

అఖిలకు గుర్తొచ్చింది. ఊరు మునగకముందే కోరుట్లలో కూతురింటికి పోయి, అక్కడే బీడీలు చుట్టుకుంటూ ఉండిపోయిన చిన్నవ్వ. మళ్లీ ఇటు తొంగి చూడలేదు. మిషన్లు వస్తున్నాయన్న మాట కోరుట్ల చర్చిలో విని, బస్సులు మారి మారి నిన్న సాయంత్రమే కాలనీకి వచ్చిందట. అంతా బాగానే ఉంది. కానీ ఆమె చెయ్యి ఇంకా ఆ సమాధి మీదే ఉంది, పడుకున్న పిల్లవాడి వీపు మీద వేసినట్టు.

"గిది మా అవ్వది పెద్దవ్వా," అంది అఖిల మెత్తగా. "ఏటా మేమే సున్నమేస్తున్నం."

"గిది నా కొడుకుది బిడ్డా. అభిలాష్‌ది."

అప్పటికే ప్రేమ్‌సాగర్ గడ్డపారలు పట్టుకున్న ఇద్దరు మనుషులతో వచ్చేశాడు. సంఘ పెద్ద, తెల్ల చొక్కా, గొంతులో కొంచెం ప్రసంగం. విషయం వినగానే సిలువ వైపు చెయ్యి చూపించాడు. "చిన్నక్కా, నువ్వు మస్తు ఏండ్లకు అచ్చినవ్, మతికుండది. సిలువ కాన్నుంచి మూడో వరుస, మొదటిది. గిది మా అక్క బొంద. కావాల్నంటే లెక్కవెట్టుకో."

"నువ్వే లెక్కవెట్టుకో. నా కొడుక్కి ఇన్నేండ్లు సున్నమేసినవ్ కాబట్టి నిన్నేమంటలేను."

"మరి పేరేది? సూపెట్టు."

పేరు ఏ సమాధి మీదా లేదు. అన్నీ ఒకే మేస్త్రి కట్టినవి, ఒకే కొలత, ఒకే సిమెంటు. పేర్లు రంగుతో రాయించుకున్నారు, మొదటి ఏడే నీళ్లు కడిగేశాయి.

"పేరు నీళ్లు నాకినయ్," అంది చిన్నవ్వ. "గుట్టను నాకుతయా? అఖిలా, గిటు రా. నా పక్కకు కూసో. నిలవడితే కనవడది, కూసోవాలె. ఆ. ఇప్పుడు గట్టు దిక్కు సూడు. మీద బండలెన్ని?"

తూర్పున నల్లగట్టు అనే గుట్ట వెనక ఆకాశం అప్పుడే ఎర్రబడుతోంది. గట్టు నెత్తి మీద నల్లగా ఒక బండ.

"ఒక్కటే."

"ఒక్కటేనా? చిన్నప్పుడు ఏమనేటోళ్లు మనూళ్లె?"

తల్లిబండ, పిల్లబండ. అఖిలకు చటుక్కున తట్టింది. ఊళ్లో ఎక్కడ నుంచి చూసినా రెండు బండలు, ఒకటి పెద్దది, దాని పక్కన చిన్నది. ఆమె కొంచెం పక్కకు జరిగింది. పెద్ద బండ వెనక నుంచి చిన్నది అంచు బయటపెట్టింది. మళ్లీ వెనక్కి జరిగి చిన్నవ్వకు ఆనుకుని కూర్చుంది. చిన్నది మాయమైపోయింది.

"వాడు జరంతోటి పోయినంక," చిన్నవ్వ గట్టు మీదనుంచి చూపు తిప్పకుండానే చెప్పింది, "దినాం పొద్దుగాల చాట వట్టుకచ్చి గీన్నే కూసుందును. మీ అవ్వ తిట్టేది, బొందల గడ్డల కూసోని బీడీలేందే అని. ఆకు కోసుకుంట, సుట్టుకుంట, తలకాయెత్తితే గా బండలు. గీ ఒక్క జాగల కూసుంటెనే పిల్ల తల్లి ఎనుక దాసుకుంటది. ఇంకేడ కూసున్నా దాసుకోదు. నా కొడుకు జాగ నాకు ఎవలు సూపెట్టాలె బిడ్డా?"

గడ్డపార పట్టుకున్న మనిషి దాన్ని మెల్లగా నేలకు దించాడు.

"అచ్చినకాడికెల్లి ఒక్కటి అడుగుదామనుకుంటున్న," చిన్నవ్వ ప్రేమ్‌సాగర్ వైపు తిరిగింది. "చర్చి ముంగటి సిలువ గీడికెట్ల అచ్చింది?"

ఆ ప్రశ్న అలా పడిందో లేదో అఖిల అరచేతుల్లో తాడు ఒరుసుకున్నట్టయింది. నిజంగా. అప్పుడామె ఇంటర్ చదువుతోంది. ఊరు మునిగాక వచ్చిన మొదటి ఈస్టర్. నీళ్లు సరిగా తగ్గలేదు, చర్చి జాగా ఇంకా లోపలే ఉంది, నీళ్ల మీద సిలువ కొస మాత్రం కనిపిస్తోంది. దేవుని సిలువను నీళ్లలో వదిలేసి మనం ఒడ్డు మీద పాటలు పాడుకుంటామా అని ఒకాయన ఏడ్చాడు. కుర్రవాళ్లు తెప్ప మీద పోయి తాడు కట్టారు. ఒడ్డున ఆడవాళ్లూ ముసలివాళ్లూ పిల్లలూ అందరూ ఆ తాడు పట్టుకుని లాగారు, పాట పాడుతూ, మోకాళ్ల దాకా తడిసిపోతూ, ఏడుస్తూ. సిలువ బురదలోంచి జారుతూ జారుతూ పైకి వచ్చింది. వచ్చిన చోటే, పాత జాగాకు చాలా ఎగువన, నీళ్లు తగలని చోట చూసి పాతారు. ఎంత సంతోషపడ్డారో ఆ రోజు. తరువాతి ఏడు నీళ్లు ఇంకొంచెం తగ్గి సమాధులు తేలాయి. అందరూ వచ్చారు. ఎప్పటి అలవాటు ప్రకారం సిలువ దగ్గర నిలబడి, మాది రెండో వరుస, మాది అయిదో వరుస అని లెక్కపెట్టుకుంటూ ఎవరి దగ్గరికి వాళ్లు నడిచారు.

సిలువను జరిపింది తామే. జరిపిన సంగతి అందరికీ తెలుసు. లెక్కపెట్టేటప్పుడు మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు.

అఖిల చుట్టూ చూసింది. పొద్దు పొడుస్తోంది. గడ్డ నిండా మనుషులు. ఒకాయన తువ్వాలతో సమాధి తుడుస్తున్నాడు. ఒక తల్లి చిన్న సమాధి పక్కన బిస్కెట్ ప్యాకెట్ విప్పి ఒక్కొక్కటే వరుసగా పేరుస్తోంది. కొవ్వొత్తులు, అగరుబత్తులు, బంతిపూలు, అక్కడక్కడా సన్నటి ఏడుపు. అన్నీ తప్పు. ఎవరు ఎవరి కోసం ఏడుస్తున్నారో, ఎవరి పువ్వులు ఎవరి మీద పడుతున్నాయో. నిజంగా తమవాళ్లున్న వరుసల్లో సగం ఆ కింద, ఎప్పుడూ బయటపడని నీళ్లలోనే ఉండిపోయాయి.

"మామా," అంది.

ప్రేమ్‌సాగర్ ముఖం పాలిపోయింది. అతనికీ అర్థమైపోయింది, సిలువ కాళ్ల దగ్గర రాళ్లు పేర్చింది అతనే మరి. "ఎవలకు చెప్పకుండ్రి," అన్నాడు నెమ్మదిగా, ఈసారి గొంతులో ప్రసంగం లేదు. "మీకు దండం వెడ్త. గీ ఒక్క దినం ఎల్లనియ్యిండ్రి. గిప్పుడు చెప్తే గీ మందంత ఏమైతరు?"

"మరి మా అవ్వ ఏడున్నది మామా?"

"నాకు అక్క కాదా అఖిలా?"

చిన్నవ్వ నీళ్ల వైపు చెయ్యి చాపింది. మొగిలవ్వను ఎక్కడ పెట్టారో ఆమెకు తెలుసు. అక్కడ అలలు కూడా లేవు. తెల్లటి కొంగ ఒకటి ఎగిరిపోయింది.

ఇంత జరుగుతున్నా భీమయ్యకు ఏమీ వినపడలేదు. ఆయన వాళ్లకు కొంచెం పక్కగా, సమాధి కాళ్ల వైపు గొంతుక్కూర్చుని, పగుళ్లలో ఇరుక్కున్న ఎండు బురదను గోటితో గీకుతున్నాడు. ఒక్కో పెచ్చు తీసి పక్కన పెడుతున్నాడు, పారెయ్యడం లేదు. గీకుతూ మాట్లాడుతున్నాడు కూడా. చెవులు పోయినవాళ్లకు తమ గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియదు కదా.

"మొగిలీ, బండి తెచ్చిన. కాలనీల మంచిగున్నది, కరెంటున్నది. నీళ్లు రావు గాడికి. లేసి ఇగ పోదాం పా."

చిన్నవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పటిదాకా ఎవరైనా తవ్వితే మీద పడి అడ్డుకుంటానన్నట్టు కూర్చున్న మనిషి, మెల్లగా సమాధి మీద నుంచి లేచింది. అఖిల చెయ్యి పట్టుకుంది. సున్నం ఆరి గరుకుగా ఉంది ఆ చెయ్యి.

"బిడ్డా, వాన్ని తోల్కపోండ్రి."

"ఎవర్ని?"

"నా కొడుకును. మీ కాలనీకి తోల్కపోండ్రి. మొగిలవ్వే అనుకొని పెట్టుకోండ్రి."

"ఏం మాట్లాడుతున్నవ్ పెద్దవ్వా."

"మరేం మాట్లాడాలె? కోరుట్లల నాకేమున్నది, అల్లుని ఇంట్ల ఓ మూల. వాన్ని నేనేడికి తీసుకపోవాలె? మిషన్లస్తే మట్టిల కల్సి ఎవల చెలుకల పడ్తడో. మీ దగ్గరుంటే మనోళ్ల నడుమ ఉంటడు. మీ బాపు దినాం అచ్చి మొక్కుతడు, పువ్వేస్తడు. ఎవల పేరు మీదేస్తే ఏంది, పడేది నా కొడుకు మీదనే గదా. మీ బాపుకు పానం నిమ్మలమైతది." సమాధి కాళ్ల వైపు గోటి గీకుడు ఆగిపోయింది, ఎవరూ అటు చూడలేదు. "మొగిలవ్వ ఏమనుకోదు. వాడు ఆమె చేతుల వెరిగినోడే."

అఖిల నీళ్ల వైపు చూసింది. తల్లిని నీళ్లకు వదిలెయ్యాలి. తండ్రికి అబద్ధం చెప్పాలి, ఒకసారి కాదు, ఆయన బతికినన్నాళ్లూ, ప్రతి పువ్వుకూ ప్రతి కొవ్వొత్తికీ. చెప్పకపోతే? జగిత్యాల డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇక ఎన్నాళ్లో ఉండడని ఆమెతో విడిగా అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాటే చివరికి తూకం తేల్చింది. ఆమె ప్రేమ్‌సాగర్ వైపు చూసి తల ఊపింది. ప్రేమ్‌సాగర్ గడ్డపార మనుషుల వైపు చూసి తల ఊపాడు. అఖిల వంగి తండ్రి చెవి దగ్గర గట్టిగా చెప్పింది.

"బాపూ, లే. అవ్వను తీస్తున్నరు."

భీమయ్య లేవలేదు. కూతురి ముఖం వైపు చూశాడు, ఆ తర్వాత చిన్నవ్వ ముఖం వైపు. ఇందాక చిన్నవ్వ కూర్చున్న చోటే, సమాధి మీద, మెల్లగా వచ్చి కూర్చున్నాడు. గట్టు వైపు తల తిప్పాడు. గట్టు మీద పొద్దు పూర్తిగా ఎక్కింది.

"పిల్లబండ ఏది?" అన్నాడు.

"ఉన్నది బాపూ, పొగమంచుల కనవడ్తలేదు."

"పొగమంచేడిదే ఎండకాలంల." ఆయన గొంతులో కోపం లేదు. "మీ అవ్వను పెట్టిన్నాడు నువ్వు ఏడుపు ఆపుతలేవ్. బొంద పక్కన్నే కూసోని, నిన్ను ఒళ్లె కూసోవెట్టుకొని గట్టు సూపెట్టిన. తల్లి సూడు, పిల్ల సూడు, నడుమ ఆకాశం సూడు అన్న. గది సూసి ఆపినవ్. మతికున్నదా?"

గుర్తుంది. అప్పటి ముఖాలేవీ గుర్తు లేవు, పాటలు గుర్తు లేవు. రెండు నల్లటి బండల మధ్య ఇరుక్కున్న ఆ కాస్త ఆకాశం మాత్రం గుర్తుంది.

"నీకు కండ్లు సరిగ కనవడ్తలేవు బాపూ," అంది అఖిల. తన అబద్ధం తనకే వినపడింది.

"చెవులు పోయినయ్, కండ్లు పోలె. సాంచల కాడ మాటలు ఇనవడుతయా బిడ్డా? గా సప్పుడుల బతుకంత మూతులు సూసుకుంటనే మాట్లాడుకున్నం." చిన్నవ్వ వైపు తిరిగాడు. "వదినె, నీ పానం పెద్దది. గని నీ కొడుకును నీ పేరు మీదనే తోల్కపోతం. నా పక్కకు కాదు, ముంగట పెడ్తం, పువ్వులు ముందుగాల వానికే పడుతయ్. ప్రేమ్‌సాగర్, తీపియ్యి."

చిన్నవ్వ కూలబడిపోయింది.

భీమయ్య అఖిల చేతిలోని సున్నం డబ్బా తీసుకున్నాడు. కుంచె తీసుకున్నాడు. చెప్పులు విడిచి, ఒకదాని పక్కన ఒకటి సరిగా పెట్టి, వాలు దిగి నీళ్ల వైపు నడిచాడు. కాళ్లు కడుక్కోవడానికేమో అనుకున్నారు అందరూ. ఆయన నీళ్ల అంచు దాటేశాడు. నడక ముందుకే, తల మాత్రం ఎడమకు, గట్టు వైపు తిరిగి ఉంది. ఒక్కో అడుగూ వేసి ఆగి, బండల వైపు చూసి, మళ్లీ అడుగు వేస్తున్నాడు.

"బాపూ, ఆగు," అని అరిచింది అఖిల. వినపడదని తెలుసు. ముఖం ఇటు తిప్పితే కదా మూతి చూసేది.

ఆమె కూడా నీళ్లలోకి దిగింది. బురద కాళ్లను పట్టుకుని వదలడం లేదు. ముందు తండ్రి వీపు, మోకాళ్ల లోతు, నడుము లోతు, డబ్బా తల మీదకు ఎత్తి పట్టుకున్న చెయ్యి. వెనక నుంచి ప్రేమ్‌సాగర్ కేకలు. గడ్డ మీద పాటలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి, సమాధుల దగ్గరి జనమంతా లేచి ఇటే చూస్తున్నారు. అఖిల ఒక్కసారి తనకు తెలియకుండానే ఎడమకు చూసింది. పిల్లబండ తల్లి వెనక నుంచి బయటికి వచ్చేసింది. ఇంకో అడుగు. ఇద్దరి మధ్యా గీతలా వెలుతురు. ఇంకో అడుగు. ఆకాశం.

ఛాతీ లోతులో భీమయ్య ఆగాడు. అప్పుడు తిరిగి కూతురి వైపు చూశాడు. ఊపిరి అందక భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదవులు కదిలాయి. చప్పుడు రాలేదు, అయినా ఆమెకు తెలిసింది. గిక్కన్నే. మీ అవ్వ గిక్కన్నే.

"బాపూ, రా. నీకు దండం వెడ్త, ఎనుకకు రా," అంది ఆమె, ఒక్కో మాటా పెదవులతో కత్తిరించి కత్తిరించి, ఆయనకు కనపడేటట్టు.

ఆయన చూశాడు. తప్పకుండా చూశాడు. కానీ కుంచెను సున్నంలో ముంచి, ఆ దగ్గుల ఛాతీలోకి పట్టినంత గాలి పీల్చుకుని, నీళ్లలోకి వంగాడు. తల మునిగిపోయింది. భుజాలు మునిగిపోయాయి. తేలిన డబ్బా మెల్లగా ఒరిగి బోర్లా పడింది, అఖిల చాచిన చేతులకూ ఆయన మునిగిన చోటుకూ మధ్య నీళ్ల మీద సున్నం తెల్లగా పరుచుకుంటూ పోయింది, ఆ తెలుపు కింద ఏముందో ఆమెకు ఇక కనిపించలేదు.